నేరం బొటనవేలిదే!

మొత్తానికి దోషి దొరికాడు. ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డుల కరెంటు కనెక్టర్లు ఎందుకు కరిగిపోతున్నాయో తెలియక నెలరోజులుగా లోకమంతా బుర్రలు బద్దలు కొట్టుకుంటుంటే, వాటిని తయారుచేసే ఎన్విడియా 2022 నవంబరులో సంగతి తేల్చేసింది. తరచూ కనిపించిన లోపం ఏమిటంటే, కనెక్టరును పూర్తిగా లోపలికి గుచ్చకపోవడమట! కార్డు బంగారం, వైరు వజ్రం. పాడయింది మన కుడిచేతి బొటనవేలు.

కంప్యూటర్ అప్‌గ్రేడ్ చేద్దామనుకునేవాళ్లకు దీంతో పెద్ద బెంగ తీరింది. అప్పటిదాకా కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ కొనడమంటే సగం చదువు చదవాల్సి వచ్చేది. 750 వాట్లు చాలా, 850 తీసుకోవాలా? బ్రాంజా, గోల్డా? కొత్త కనెక్టరుతో వచ్చే ఏటీఎక్స్ 3.0 రకం బజారులోకి దిగేదాకా ఆగుదామా, కార్డు డబ్బాలో ఇచ్చే నాలుగు తోకల అడాప్టరుతో సరిపెట్టుకుందామా? ఆ తర్జనభర్జనలకు ఇక కాలం చెల్లింది. ఎంచుకోవాల్సింది ఎస్‌ఎంపీఎస్‌ను కాదు, వేలిని.

ఇకమీదట సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ బజారులో బేరాలు ఇలా సాగుతాయి.

"అన్నా, 4090కి మంచి ఎస్‌ఎంపీఎస్ చూపియ్."

"ముందు నీ బొటనవేలు చూపియ్ తమ్మీ."

షాపాయన వేలిని అటూ ఇటూ తిప్పి, గోరు నొక్కి, వెలుతురులో పెట్టి చూస్తాడు. "ఇది 650 వాట్ల వేలు తమ్మీ. 3060 దాకా నడుస్తది. దానిమీదికెళ్తే ఆగదు."

"మా బావమరిది ఉన్నడన్నా. రోజూ జిమ్‌కు పోతడు."

"జిమ్ము సంగతి కాదు, సర్టిఫికెట్ ఉన్నదా?"

ఎస్‌ఎంపీఎస్‌కు 80 ప్లస్ గోల్డ్ ముద్ర పడాలంటే సగం లోడు దగ్గర కనీసం 90 శాతం సామర్థ్యం చూపించాలి. వేళ్లకూ అదే పెడితే పోయె. భుజం నుంచి బయల్దేరిన బలంలో 90 శాతం గోరు దాకా చేరినవాడికి గోల్డ్. దారిలో మోచేతి దగ్గరే ఖర్చయిపోయినవాడికి మామూలు తెల్ల స్టిక్కరు.

పరీక్ష అన్నాక కోచింగ్ లేకుండా ఎలా? అమీర్‌పేటలో మైత్రివనం చుట్టూ బోర్డులు లేచిపోతాయి. 'గుచ్చుట–1', 'గుచ్చుట–2', సాయంత్రం బ్యాచి, ఆదివారం ఫాస్ట్‌ట్రాక్. ఫలితాల మర్నాడు పేపర్లలో ఫుల్‌పేజీ ప్రకటనలు: ర్యాంకర్ల ముఖాలుండవు, వరసగా బొటనవేళ్ల ఫొటోలే. హాస్టల్లో తెల్లవారుజామున నాలుగింటికే లేపి పిన్నులు గుచ్చిస్తారు. "మావాడికి లెక్కల్లో ఇబ్బంది లేదండీ, బొటనవేలే కాస్త వీకు" అని తల్లిదండ్రులు ప్రిన్సిపాల్ గది బయట చేతులు కట్టుకుని నిలబడతారు. ద్రోణాచార్యుడు ఈ రోజుల్లో ఉంటే ఏకలవ్యుణ్ని వేలు కోసిమ్మని అడగడు, దాని మార్కుల మెమో జెరాక్సు అడుగుతాడు.

సాధనలో మాత్రం చిన్న చిక్కుంది. ఈ కనెక్టరును పెట్టి తీయడం 30 సార్లకు మించకూడదని దాని ప్రమాణంలోనే రాసుంది. అంటే బాగా సాధన చేస్తే కనెక్టరు పోతుంది, చేయకపోతే కార్డు పోతుంది. కోచింగ్ సెంటర్లు ఫీజులోనే నెలకో అడాప్టరు కలిపి ఇస్తాయేమో చూడాలి.

ప్రాక్టికల్స్ సిలబస్ కంపెనీయే ఇచ్చింది. కార్డును మదర్‌బోర్డులో పెట్టకముందే అడాప్టరును దానికి గట్టిగా, సమంగా గుచ్చి చూసుకుని, ఆ తర్వాతే కార్డును బోర్డులో కూర్చోబెట్టమంది. ఇటుకంత బరువున్న కార్డు ఒక చేత్తో, నాలుగు తోకల వైరు ఇంకో చేత్తో, క్యాబినెట్‌లో తల దూర్చి. మూడో చెయ్యి ఉన్నవాళ్లకు ఇంటర్నల్ మార్కులు పూర్తిగా వేస్తారు. దిగాక 'టక్' మని వినపడుతుందా అంటే, చెవి ఆనించినా అనుమానమే. వైరును కనెక్టరు నుంచి 35 మిల్లీమీటర్ల దాకా వంచొద్దని ఒక కేబుల్ తయారీదారు చెబుతాడు. కార్డు వెడల్పు చూస్తే, అంత తిన్నగా వదిలితే చాలా క్యాబినెట్ల పక్క అద్దం మూతపడదు. అద్దం మూయాలంటే వైరు వంచాలి. వంచితే నేరం ఎవరిది? బొటనవేలిదే.

ఒకప్పుడు సంతకం రానివాళ్ల చేత బ్యాంకులో నిశానీ వేయించుకునేవారు. రేపు ఎంటెక్ చేసినవాడి చేత వారంటీ కార్డు మీద వేయిస్తారు, కేసు తేలేటప్పుడు దోషి పోలికలు చేతిలో ఉండాలి కదా.

సరే, ఇక నవ్వు చాలు.

సగం దిగిన కనెక్టరు వేడెక్కుతుందన్న మాట అబద్ధమని నేననను. కరిగిన ముక్కలను ల్యాబులో ఎక్స్‌రే తీయించి చూసినవాళ్లూ అదొక కారణమని చెప్పారు. కాలిన కార్డులను ఏ వైరు వాడారని చూడకుండా త్వరగా మార్చిస్తామని కంపెనీ అంది, ఆ మర్యాదా ఒప్పుకుందాం. కానీ ఆ కనెక్టరును గీసినవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం? పాత ఎనిమిది పిన్నుల కనెక్టరు మీద 150 వాట్లే పెట్టేవారు. మూడు వైర్లు తలా 4 ఆంపియర్ల చిల్లర మోసేవి. కొత్తదాని మీద 600 వాట్లు రాశారు. 12 వోల్టుల దగ్గర అది 50 ఆంపియర్లు. ఆరు పిన్నులకు పంచితే తలా 8.3. పిన్ను తట్టుకునేది 9.5. మోత రెండింతలు చేశారు, పిన్నుల మధ్య దూరం 4.2 మిల్లీమీటర్ల నుంచి 3కు కుదించారు. ఇంట్లో గీజరుకు 16 ఆంపియర్ల ప్లగ్గు ఎంత లావుంటుందో ఒకసారి చూసి రండి. అంత కరెంటు మోసినా వేడెక్కకూడదనే దాన్ని అంత లావు చేశారు. ఇక్కడ ఆ జాగ్రత్తనంతా గీకేసి, జాగా మిగిల్చామని చెప్పుకుని, మిగిలిన పొరపాటు ఖర్చు లక్షన్నర పైన పోసి కొన్నవాడి ఖాతాలో రాశారు. అందులో పెట్టిన నాలుగు బుల్లి పిన్నుల్లో రెండింటిని ఎన్ని వాట్లు లాగొచ్చో కార్డుకు చెప్పడానికి కేటాయించారు. కనెక్టరు పూర్తిగా దిగిందో లేదో చెప్పే ఒక్క పిన్ను పెట్టడానికి చేతులు రాలేదు. ఇది కొనేవాడి తప్పెలా అవుతుంది?

ప్రపంచం మొత్తం మీద దాదాపు 50 కేసులేనని లెక్క చెప్పారు. ఎవరికి వారు, ఎక్కడెక్కడో ఉన్న ఆ 50 బొటనవేళ్లూ కూడబలుక్కుని ఒకే తప్పు చేసి ఉండవు.

అయ్యా, గుచ్చేది మేమే, కాదనం. సగమే దిగినప్పుడు కరెంటు లాగకుండా ఆగే కార్డును మీరు మొదటే చెయ్యాల్సింది.