మూడు ముళ్లు.. మూడు గడువులు

కెనడాలో కాపురానికి మూడు ముళ్లు చాలవు. మూడు గడువులూ గుర్తుండాలి: విజిటర్ హోదాది, పాస్‌పోర్టుది, ఇన్సూరెన్సుది. మొగుడు స్పాన్సర్ చేసినంత మాత్రాన భార్యకు హోదా వచ్చిపడదు. విజిటర్ గడువు తీరకముందే పొడిగింపు అడిగితే, జవాబొచ్చేదాకా పాత హోదాయే రక్ష. ఒక్కరోజు దాటిందా, 90 రోజుల్లోగా ‘పోయిన హోదా ఇప్పించండి మహాప్రభో’ అని రుసుం కట్టి మరీ అర్జీ! ఇక ఒంటారియోలో హెల్త్ కార్డంటారా? భార్యకు శాశ్వత నివాస దరఖాస్తుకు అర్హత ఉందని ఇమిగ్రేషన్ వాళ్లు తేల్చాలి. అందాకా జ్వరమొచ్చినా సొంత జేబో, కొనుక్కున్న ఇన్సూరెన్సో!

దరఖాస్తుకు పెళ్లి ఫొటోలు సాక్ష్యంగా జతచేశారు, బాగుంది. ఫ్రిజ్ తలుపు మీద, వెంకన్న మాగ్నెట్ కింద గడువు తేదీ రాసి పెట్టారా? ముహూర్తం తప్పితే పంతులుగారు ఇంకోటి చూస్తారు; గడువు తప్పితే చూడాల్సింది లాయరునే!