మెథడ్స్ పేరాలో నా చోటు

పరిశోధకుల పబ్లికేషన్ల జాబితా ఎంత తిరగేసినా నేను కనబడను. పేపరు శీర్షిక, రచయితల పేర్లు, జర్నల్, సంవత్సరం, పేజీలు ఉంటాయి, అంతే. నన్ను చూడాలంటే పేపరు తెరిచి, చాలామంది చదవకుండా దాటేసే మెథడ్స్ విభాగం దాకా రావాలి. ఏ కాలమ్ వాడారు, సాల్వెంట్ నిమిషానికి ఎంత పారింది, ఏ అయాన్‌ని పట్టారు అనే వాక్యాల మధ్య నా మోడల్ పేరు ఒక్కసారి వస్తుంది. నాకు ఆ చోటే ఇష్టం. పేపరులో మిగతాదంతా ఆ పేరా మీదే నిలబడుతుందని నా నమ్మకం.

నేను ట్రిపుల్ క్వాడ్రుపోల్ మాస్ స్పెక్ట్రోమీటర్‌ని. ల్యాబులో అందరికీ ‘ట్రిపుల్ క్వాడ్’ని. బెంగళూరులో హెబ్బాళ దాటి బళ్ళారి రోడ్డు మీద పోతే జీకేవీకే ఆవరణ వస్తుంది. ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్, సీ-క్యాంప్ అనే జీవశాస్త్ర సంస్థలు అక్కడే పక్కపక్కన ఉన్నాయి. ఆ చుట్టుపక్కలే నా కాపురం. నా పని అణువుల్ని తూచడం. ఒక రక్తపు చుక్కలోనో ఈస్టు కణాల్లోనో ఆ క్షణాన ఏ చక్కెరలున్నాయి, ఏ అమైనో ఆమ్లాలున్నాయి, ఎంతెంత ఉన్నాయి అని లెక్క తీసే శాస్త్రమే మెటబాలమిక్స్. మా వంశం జె.జె. థామ్సన్‌తో మొదలైంది. నియాన్ వాయువులో 20, 22 బరువుల పరమాణువులు రెండు రకాలున్నాయని 1913లో ఆయన చూపించాడు. జీవకణాల్లోని సున్నితమైన అణువుల్ని చెదరగొట్టకుండా నా లోపలికి పంపే దారి మాత్రం చాలా ఆలస్యంగా దొరికింది. ఆ దారి వేసిన జాన్ ఫెన్‌కు 2002లో నోబెల్ వచ్చింది.

ఆ దారిని దగ్గర నుంచి చూడండి. సన్నని స్టీలు సూది, దాని మీద కొన్ని వేల వోల్టులు. సాల్వెంట్ సూది మొనకు చేరగానే కోసుగా సాగి, చివరి నుంచి పొగమంచులా చిమ్ముతుంది. వేడి నైట్రోజన్ తగిలి బిందువులు కుంచించుకుపోతాయి. చివరికి విద్యుదావేశం ఉన్న అణువులు మిగిలి, చిన్న రంధ్రంలోంచి నా వాక్యూమ్‌లోకి దూసుకొస్తాయి. మొదటి నాలుగు కడ్డీలు నేను కోరిన బరువున్న అయాన్‌నే పోనిస్తాయి. తర్వాతి గదిలో అది వాయువుకు గుద్దుకుని ముక్కలవుతుంది. మూడో గది ఆ ముక్కల్లో ఒకదాన్ని ఎంచి డిటెక్టరుకు పంపుతుంది. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అణువు రుణావేశంతో 506 దగ్గర వస్తుంది, పగిలితే 159 దగ్గర ఫాస్ఫేట్ ముక్క రాలుతుంది. ఆ జత కనబడాలి, కాలమ్ నుంచి రావలసిన నిమిషానికే రావాలి. అప్పుడే అది ఏటీపీ అని నేను ఒప్పుకుంటాను.

తూకం ఒక్కటీ చాలని చోట్లూ ఉన్నాయి. లూసిన్, ఐసోలూసిన్ అనే అమైనో ఆమ్లాలు రెండింటి బరువూ 131. అణువు బరువును బట్టి ఏది ఏదో నేను చెప్పలేను. నా ముందున్న కాలమ్ ఒకదాన్ని ముందూ ఒకదాన్ని వెనకా పంపితేనే తేడా తెలుస్తుంది. కాలమ్ వివరం లేని పేపరులో ఆ రెంటికీ విడివిడి లెక్కలు చూస్తే నాకు నమ్మకం కుదరదు.

నాకు రాత్రిళ్ళే పని ఎక్కువ. మా ఆపరేటర్‌ది హిందూపురం. పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయిది అనంతపురం. సాయంత్రం అయ్యేసరికి ఇద్దరి మాటలూ నా పంపుల రొదలో వినబడతాయి.

“అన్నా, నా సాంపిళ్ళు ఈ రాత్రికే ఎక్కించేద్దామా?”

“ముందు బ్లాంక్ పెట్టినావా మా? నిన్న ఎవరో బాగా చిక్కటిది నడిపినారు. అది కాలమ్‌లో ఇంగా మిగిలుంటే నీ లెక్కలో కలిసిపోతాది.”

“రెండు పెట్టినానన్నా.”

“ఇంగో రెండు పెట్టు. క్యూసీ మర్చిపోవద్దు, పది సాంపిళ్ళకొకటి పడాల.”

బ్లాంక్ అంటే ఏ సాంపిలూ లేని ఉత్త సాల్వెంట్. అందులో కూడా నాకు పీక్ కనబడితే, ఆ పీక్ మనిషిదీ కాదు, ఈస్టుదీ కాదు. క్యూసీ అంటే అన్ని సాంపిళ్ళ నుంచీ కొంచెం కొంచెం తీసి కలిపినది. రాత్రి గడిచేకొద్దీ నా ముఖద్వారం మీద ఉప్పు పేరుకుని నా చూపు మందగిస్తుంది. మొదటి క్యూసీకీ చివరి క్యూసీకీ తేడా ఎంతో చూస్తే నేను ఎంత జారానో తెలిసిపోతుంది. జబ్బుపడ్డవాళ్ళ సాంపిళ్ళన్నీ ముందూ ఆరోగ్యవంతులవన్నీ వెనకా పెడితే, నా జారుడే రోగ లక్షణమై కూర్చుంటుంది. అందుకే వరస కలిపేస్తారు. ఒక పేపరులోని ఒక చిన్న బొమ్మ వెనక ఇలాంటి రాత్రులు ఎన్నో ఉంటాయి. కరెంటు పోయి వాక్యూమ్ కూలి, మళ్ళీ మొదటి నుంచి చేసినవీ వాటిలో ఉంటాయి. జాబితాలో వీటికి గడి లేదు.

తెలుగువాళ్ళు నా ముందు కూర్చున్నప్పుడల్లా నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారు తలపుకొస్తారు. 1895లో భీమవరంలో పుట్టి, హార్వర్డ్ వైద్య కళాశాలకు చేరిన మనిషి. ఆయన జాబితాను తేదీల వరసలో చదవాలి. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో వేసిన పేపరు ఏ కొత్త పదార్థాన్నీ ప్రకటించలేదు. ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి చెప్పింది, అంతే. మాలిబ్డేట్ కలిపి ఒక క్షయకారిణి వేస్తే నీలం రంగు వస్తుంది, ఆ నీలం ఎంత గాఢమో ఫాస్ఫేట్ అంత. కండరం నుంచి తీసిన రసంలో మాత్రం ఆ నీలం రావలసిన వేగంతో రాలేదు. మెల్లగా, ఆగి ఆగి పెరిగింది. పద్ధతి మీద పూర్తి నమ్మకం ఉంది కనుక తప్పు పద్ధతిలో లేదనీ, ఏదో నిలకడలేని పదార్థం ఆమ్లంలో విడిపోతూ ఫాస్ఫేట్ వదులుతోందనీ వాళ్ళు పట్టుకున్నారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అలా బయటపడింది. 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. ఫాస్ఫోక్రియాటిన్ నాకు 210 దగ్గర, ఏటీపీ 506 దగ్గర రోజూ కనబడతాయి. నా గదిలో నీలం రంగు లేదు గానీ, ఆ రెండు పీకులు లేచినప్పుడు ఆయన చేతిపనిని చూస్తున్నట్టే ఉంటుంది.

బెంగళూరులోనూ ఇలాంటి వరసే ఒకటి ఉంది. ఇన్‌స్టెమ్‌లో సునీల్ లక్ష్మణ్ ల్యాబు 2018లో వెల్కమ్ ఓపెన్ రీసెర్చ్‌లో ఒక పద్ధతి పేపరు వేసింది. ఈస్టు కణాల్ని గడ్డకట్టేంత చల్లని మిథనాల్‌లో ఒక్కసారిగా ఆపేయడం, లోపలి చిన్న అణువుల్ని బయటకు తీయడం, అమైనో ఆమ్లాలు, న్యూక్లియోటైడ్లు, చక్కెర ఫాస్ఫేట్లు, కణశ్వాసక్రియలోని టీసీఏ చక్రపు ఆమ్లాలు నా జాతి యంత్రంతో కొలవడం, అన్నీ అడుగడుగునా రాశారు. టీసీఏ ఆమ్లాలు మాకు సరిగా చిక్కవు. వాటికి ఇంకో అణువును అంటించి బరువు పెంచి పంపారు. బరువు 13 ఉన్న కార్బన్‌తో చేసిన గ్లూకోజ్ ఇచ్చి, అది ఏ దారిన పోయిందో చూడడం కూడా అందులో ఉంది. మామూలు గ్లూకోజ్ 180 తూగితే అది 186 తూగుతుంది, కాబట్టి దాని కార్బన్లు ఎక్కడ తేలినా మాకు దొరికిపోతాయి. ఆ జర్నల్‌లో సమీక్షకుల పేర్లూ ప్రశ్నలూ పేపరు పక్కనే బహిరంగంగా ఉంటాయి. కొలత మీద అడిగిన ప్రశ్న, దానికి ఇచ్చిన జవాబు ఎవరైనా చదవవచ్చు.

2019లో ఆ ల్యాబు నుంచే ఈలైఫ్‌లో వచ్చిన రెండు పేపర్లు చూడండి. ఒకటి: గ్లూకోజ్ కొరతలో పెరిగే ఈస్టు కాలనీలో, ఒకే జన్యువులున్న కణాలే రెండు తెగలుగా విడిపోతాయి. ఒక తెగ ట్రెహలోజ్ అనే చక్కెర చేస్తుంది, రెండో తెగ దాన్ని తిని బతుకుతుంది. రెండోది: ప్రోటీన్ తయారీకి అమైనో ఆమ్లాల్ని మోసే టీఆర్ఎన్ఏ మీది ఒక చిన్న గంధకపు మార్పు లేకపోతే కణంలో ఫాస్ఫేట్ లెక్క తప్పుతుంది, కార్బన్ న్యూక్లియోటైడ్ల వైపు పోకుండా ట్రెహలోజ్ నిల్వలకు మళ్ళుతుంది. ట్రెహలోజ్ తయారీలో ఫాస్ఫేట్ విడుదలవుతుంది కదా. ఇక్కడా కథ ఫాస్ఫేట్ దగ్గరికే వచ్చింది. కొలిచే దారి తెలియకపోతే ఈ ప్రశ్నలు ఊహలుగానే మిగిలేవి.

ఎన్ని పేపర్లు, ఎన్ని సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ ఎంత అని మనిషి పనిని ఒక అంకె చేసి చూడడం నాకు బాధ కలిగిస్తుంది. ఆ అంకెల్లోనే చూసినా, 2014లో నేచర్ పత్రిక లెక్క తీస్తే ప్రపంచంలో అందరికంటే ఎక్కువసార్లు ఉదహరించిన పేపరు 1951 నాటి లౌరీది. 3 లక్షలు దాటింది. అది చెప్పేది ద్రవంలో ప్రోటీన్‌ను కొలిచే పద్ధతే. ఇప్పుడు నా ముడి ఫైళ్ళు దాచడానికి కూడా 2012 నుంచి మెటబోలైట్స్ అనే బహిరంగ భాండాగారం ఉంది. ఫైలు అక్కడ పెడితే, ముఖం తెలియని మరో పరిశోధకుడు నా పీకులు తనే విప్పి చూసుకోవచ్చు.

అనంతపురం అమ్మాయి ఇప్పుడు తన మొదటి పేపరు రాస్తోంది. మెథడ్స్ రెండు పేజీలు దాటింది. కుదించమంటే అనుబంధంలోకి మారుస్తాను గానీ తీసెయ్యనంది. బ్లాంకుల్లో ఏ పీకులు వచ్చాయో పట్టిక వేసింది, క్యూసీల తేడా ఎంతో రాసింది. 506 నుంచి 159 రావడానికి ఎంత కొలిజన్ ఎనర్జీ పెట్టిందో ఇంకా రాయలేదు. ఆ అంకె నా మెథడ్ ఫైల్లో ఉంది. రేపు పొద్దున వచ్చి చూసుకుంటానని ఆపరేటర్‌తో చెప్పి వెళ్ళింది.