మనీప్లాంటు చీటీకి టీకా తాత్పర్యములు

మూలము: “మార్బుల్ క్వీన్. ప్రీమియం రకము. ఆగ్నేయ మూల నుంచిన ధనయోగము. తగు సంరక్షణ అవసరము.”

అవతారిక: ఇంటిలోనికి మనీప్లాంటు కొనబోయిన గృహస్థునకు గోల్డెన్, నియాన్, మార్బుల్ క్వీన్ అను రకముల నడుమ సందేహము జనింపగా, దానిని తీర్చుటకై నర్సరీ కుండీలో గుచ్చిన ప్లాస్టిక్ చీటీ యిట్లు పలుకుచున్నది.

టీక: ‘మూల’, ‘ఉంచిన’, ‘అవసరము’ – సుగమములు. ‘ధనయోగము’ – ఎవరికో చెప్పలేదు. సందర్భమునుబట్టి అమ్మువానికని గ్రహింపవలెను.

‘మార్బుల్ క్వీన్’ – ఆకుపచ్చపై తెల్లని చారలు, మరకలు గల రకము. మూలములో లేనిది వ్రాయనని కావ్యవ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిన పట్టెను. మెతుకుసీమకు చెందిన ఆ మహానుభావునకు ఇట్టి చీటీ తటస్థింపలేదు గనుక, మేము కొంత పక్కకు పోవుదుము.

విశేషము: ఈ తీగ పుట్టినిల్లు పసిఫిక్ మహాసముద్రములోని మోరియా ద్వీపము. 1880లో దీనిని పోథోస్ ప్రజాతిలో చేర్చిరి. పిమ్మట సిండాప్సస్, రాఫిడోఫోరా అను ఇండ్లకు దత్తు పోయి, 1964లో ఎపిప్రెమ్నమ్ ఆరియమ్ అను పేరు పొందెను. ఇన్ని గోత్రములేల? పూవును చూచి గోత్రము చెప్పుట వృక్షశాస్త్రజ్ఞుల ఆచారము, ఇది పూచుట బహు అరుదాయె! పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ హార్మోను తయారీలో ఒక జన్యువు సరిగా పనిచేయకపోవుటయే కారణమని 2016లో పరిశోధకులు తేల్చిరి. పూవు లేదు, గింజ లేదు. మన యిండ్లలో కనబడునదెల్ల కణుపుతో తుంచి నీళ్ళ సీసాలో వేసిన ముక్కయే. అడవిలో చెట్టెక్కినచో ఆకు మీటరు వరకు పెరిగి చీలికలు వారును; మన టీవీ పక్కన అరచేతి కొలత వద్దనే ఆగును. దొంగిలించి తెచ్చిన తీగకే కలిమి వచ్చునను లోకుల మాట ముక్కతోనే మొలచునను ఈ రహస్య మెరిగినవారే పుట్టించి యుందురు. ఈ చౌర్యముపై మేము మౌనము వహింతుము. నర్సరీ యజమాని వహింపడు.

శంక: అయ్యా, చీటీ సంగతేమైనది?

సమాధానము: అక్కడికే వచ్చుచున్నాము.

‘ప్రీమియం’ – పచ్చదనము తగ్గినకొలది ధర పెరిగినది. తెల్లని భాగమున పత్రహరితము లేదు; అచట ఆహారము తయారు కాదు. కావున రాణిగారు మెల్లగా పెరుగుదురు, వెలుతురు మెండుగా కోరుదురు. చీకటి గదిలో కొత్త ఆకులు పచ్చగానే వచ్చును. ఏ తెలుపుకు అదనపు ధర చెల్లించితిమో ఆ తెలుపే మాయమగును.

‘ఆగ్నేయ మూల’ – వాస్తు ప్రకారం కట్టిన ఫ్లాటులో ఆగ్నేయం అంటే వంటగది. అంటే గ్యాసు పొయ్యి పక్కన పెట్టమనా? మూల ఎక్కడో చెప్పారు గానీ కిటికీ మాటే లేదు. మొక్కకు దిక్కులతో ఏం పనయ్యా, దానికి కావలసింది వెలుతురు! నేరుగా ఎండ తగలనివ్వొద్దు, కిటికీకి దగ్గరగా పెట్టండి, వేలు గుచ్చి చూసి పైమట్టి ఆరాకే నీళ్ళు పోయండి, ఆకు నమిలితే పిల్లలకీ పిల్లులకీ నోరు మండుతుంది – ఈ నాలుగు ముక్కలు రాయడానికి చోటు లేదా? చీటీ తిప్పి చూడండి, వెనకంతా ఖాళీయే. డబ్బు తీసుకున్నాక ఆమాత్రం చెప్పొద్దూ?

క్షమింపుడు. ప్రకృత మనుసరింతము.

‘తగు సంరక్షణ’ – అద్వైతులు చెప్పు మాయవలె అనిర్వచనీయము.

తాత్పర్యము: కిటికీ పక్కన చోటుంటే మార్బుల్ క్వీన్ తీసుకోవచ్చు. వెలుతురు తక్కువైన హాలుకు గోల్డెన్ మేలు. అందులోనూ పచ్చ ఎక్కువున్న కుండీ ఏరుకోండి. రెండూ ఒకే జాతి తీగలు. పక్కింట్లో ఉంటే ఒక కణుపు అడిగి తెచ్చుకోండి. దానికి చీటీ ఉండదు, ధరా ఉండదు.