పదెకరాల బావమరిది

ఇంటి యజమానిగా నాకున్న హక్కులు రెండే: ఇంటి అప్పు వాయిదా నెలనెలా కట్టడం, చెత్తడబ్బా మంగళవారం రాత్రి వీధిలో పెట్టడం. ఇప్పుడు ఆ రెండింటికీ ముప్పొచ్చింది. ముప్పు పేరు మా బావమరిది.

డాలస్ శివార్లలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. లోకం మునిగిపోతుందని ఆర్నెల్లుగా అతనికి గట్టి నమ్మకం. మునగని చోటు కావాలని టెక్సస్‌లో ఉన్న 254 కౌంటీలూ గాలించి, చివరికి చుక్క నీరు లేని చోటు పట్టాడు. ఆ లెక్కన తెలివైనవాడే. పేరు బ్రూస్టర్ కౌంటీ. మెక్సికో సరిహద్దులో, మా ఇంటికి తొమ్మిది గంటల డ్రైవు.

"బావా, నువ్వూ నేనూ చెరో పదెకరాలు. హోమ్‌స్టెడ్ పెట్టేద్దాం" అన్నాడు ఓ ఆదివారం, నా ఇడ్లీ తింటూ.

హోమ్‌స్టెడ్ అంటే నాకు తెలిసింది ఇంటి పన్నులో వచ్చే మినహాయింపే. అతను చెప్పేది వేరు: సొంత బావి, సొంత కోళ్లు, సొంత కరెంటు, ఎవరి మీదా ఆధారపడని బతుకు. 1862 చట్టం కింద అమెరికా ప్రభుత్వం అయిదేళ్లు సాగు చేసుకున్నవాళ్లకు 160 ఎకరాలు ఊరికే ఇచ్చిందట. ఇచ్చిన మాట నిజమే. కానీ టెక్సస్ యూనియన్లో చేరేటప్పుడు తన భూములు తన దగ్గరే అట్టిపెట్టుకుంది కాబట్టి ఆ చట్టం ఇక్కడ ఎన్నడూ వర్తించలేదు. ఈ మాట చెబితే మా ఆవిడ నావైపు చూసిన చూపులో అర్థం ఒకటే: 'మా తమ్ముడి ఉత్సాహం మీద నీళ్లు చల్లడమే మీ పని.'

చల్లడానికి నీళ్లేవీ? అసలు గొడవంతా అదే. అక్కాతమ్ముళ్లిద్దరూ కోనసీమలో కాలవగట్టున పుట్టారు. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో వాళ్లెప్పుడూ ఆలోచించాల్సిన పని పడలేదు. నేను అనంతపురం వాణ్ణి. మా నాన్న ఏడు బోర్లు వేయించాడు. ఆరింట్లో దుమ్ము, ఏడోదాంట్లో అప్పు పడ్డాయి. మా జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. దాన్నే కరువు అంటాం. బావమరిది ఆ కౌంటీలో ఎంచిన టెర్లింగ్వా వైపు ఎడారి నేలలో అందులో సగం, అంటే పది పన్నెండు అంగుళాలు పడితే గొప్ప. కరువుకి భయపడి సప్తసముద్రాలు దాటి, రెట్టింపు కరువుని డాలర్లు పోసి కొనుక్కోమంటాడు. మా పొలం గట్ల మీది నాగజెముడుకు పుట్టిల్లు ఈ ఖండమే. దాని పుట్టింటికి కాపురానికి పొమ్మంటున్నాడు!

"వాన నీళ్లు పడదాం బావా, రేకుల షెడ్డు వేసి" అన్నాడు. కాగితం తీసి లెక్క కట్టాను. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన కురిస్తే 600 గ్యాలన్ల చిల్లర. పది అంగుళాలకి ఆరు వేల పైచిలుకు. 365 రోజులకూ ఇంట్లో నలుగురికీ పంచితే మనిషికి రోజుకి నాలుగు గ్యాలన్లు. తాగడం, వంట, స్నానం, కోళ్లు, బట్టలు, అన్నీ అందులోనే. మా బావమరిది షవర్ కింద ఒక పాట పాడే లోపే అంతకు మూడింతలు పోతుంది.

పోనీ బోరు? టెక్సస్ సుప్రీంకోర్టు 1904లోనే తేల్చింది: నీ నేల కింద నీళ్లు నువ్వు తోడుకో, పక్కవాడు ఎక్కువ తోడితే నీ బావి ఎండినా అడగడానికి లేదు. ఈ న్యాయం మా ఊళ్లో కోర్టు లేకుండానే నడిచింది.

కౌంటీకి మార్కులు వేయడానికి అతను ఓ ఎక్సెల్ షీటు తెచ్చాడు. 'జనసాంద్రత తక్కువ' అన్న గడిలో పదికి పది. 16 వేల చదరపు కిలోమీటర్లలో 2020 లెక్కల ప్రకారం తొమ్మిదిన్నర వేల మంది. తలకి 400 ఎకరాల పైమాటే. అంతకు కాస్త ఎక్కువ నేలలోనే మా ఉమ్మడి అనంతపురంలో 2011 నాటికి 40 లక్షల మందిమి. ఆపద వస్తే జనం దోచుకుంటారు కాబట్టి జనం లేకపోవడమే రక్ష అని అతని సిద్ధాంతం. నేను వేలు పెట్టిన గడి వేరు: టెర్లింగ్వా నుంచి ఆల్పైన్ ఊళ్లో ఆస్పత్రికి 80 మైళ్లు, అక్కడున్నవి 25 పడకలు. నాకు బీపీ. అతనికి షుగరు. తేలు కుడితే తేలుకి ఏమవుతుందో గాని, మా ఇద్దరి సంగతి మాత్రం తెలుస్తూనే ఉంది.

అతని భయం ఒట్టిది కాదని నేనూ ఒప్పుకుంటాను. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకు టెక్సస్ కరెంటు పోయినప్పుడు ప్రభుత్వం లెక్కలోకి వచ్చిన చావులే 246. గ్రిడ్ మొత్తం కూలడానికి 4 నిమిషాల 37 సెకన్లే మిగిలిందని దాన్ని నడిపేవాళ్లే తర్వాత చెప్పారు. మా ఇంట్లో మూడు రోజులు చీకటి. కొళాయిలు బిగిసిపోయాయి. మంచు గిన్నెల్లో కరగబెట్టి బాత్రూంలో పోశాం. ఇడ్లీ పిండి రెండు రోజులైనా పులవలేదు. మూడో రోజు పొద్దున్న మా ఆవిడ ఆ పిండి గిన్నె కొంగుకింద పెట్టుకుని, నేను ఇడ్లీ పాత్ర పట్టుకుని, జారుకుంటూ రోడ్డు దాటాం. ఎదురింటి గుజరాతీ పెద్దాయనకు గ్యాసు పొయ్యి ఉంది. ఇడ్లీలు రాళ్లలా వచ్చాయి. ఆయన ఆవకాయతో ఆరు తిన్నాడు. ఆ రాత్రి అందరం ఆయన హాల్లోనే పడుకున్నాం, బావమరిదితో సహా. అందరికన్నా గట్టిగా గురక పెట్టింది అతనే.

అతని షీటులో 'ఎదురిల్లు' అన్న గడి లేదు. నేనే పెన్నుతో గీసి, బ్రూస్టర్ కౌంటీకి సున్నా వేశాను. అక్కడివాళ్లు మంచివాళ్లే అయ్యుంటారు. కేకేస్తే వినపడే దూరంలో ఉండరంతే.

తీర్పు ఇదీ: విహారానికి వెళ్తాం, కాపురానికి వెళ్లం. నా అత్యవసర ఏర్పాట్లు గరాజ్‌లోనే ఉన్నాయి. మనిషికి రోజుకో గ్యాలన్ ఉంచుకోమని ప్రభుత్వం చెబుతుంది కాబట్టి, నలుగురికి రెండు వారాలకు 56 గ్యాలన్ల నీళ్లు, ఒక సిలిండరు పొయ్యి, వాడితే గరాజ్‌లో కాక బయటే వాడాలని దాని మీద అంటించిన చీటీ, ఓ మూట బియ్యం, మా అత్తగారి ఆవకాయ జాడీ, మా ఎదురింటి తాళంచెవి. ఎకరాలు కొనబోయే ముందు మీరూ ఓసారి చూసుకోండి, మీ ఇంట్లో నిండిన బిందెలు ఎన్ని ఉన్నాయో.