నేను పాడవలేదు

నేను ఐఫోన్ 13ని. మా తరం 2021 సెప్టెంబరులో బజారుకొచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరులోనూ మమ్మల్ని తయారుచేశారు. అక్కడే పుట్టాను. నా ఏ15 చిప్‌లో 1,500 కోట్ల ట్రాన్సిస్టర్లున్నాయి. మా వెల మొదట్లో 79,900 రూపాయలు.

నన్ను బెంగళూరులో ఉద్యోగం చేసే హనుమంతునిపాడు కుర్రాడు వాయిదాల మీద కొన్నాడు. వెనకంతా మసకచేసి మనిషిని మాత్రం తేటగా చూపే సినిమాటిక్ మోడ్ మా తరంతోనే వచ్చింది. స్నేహితులకు అదే చూపించి మురిసిపోయేవాడు. వాయిదాలు తీరాయి, కొత్త ఫోను వచ్చింది. సంక్రాంతికి ఊరొచ్చి నన్ను అమ్మ చేతిలో పెట్టాడు.

"ఇంత ఖరీదు సెల్లు నాకెందుకు నాయనా?" అందామె. నా అసలు కొలువు మొదలైంది ఆ రోజే.

కంది చేలో కలుపు తీసి, కరువు పనిలో పలుగు పట్టి కాయలు కాచిన వేళ్లు ఆమెవి. వేలు ఆనినప్పుడు తెరలోని విద్యుత్తులో వచ్చే చిన్న మార్పే నాకు తెలిసే స్పర్శ. ఎండి బండబారిన వేలు చాలాసార్లు తెలియదు. ఆమె విసుక్కోలేదు. వేలి కొస చెంబులో ముంచి, కొంగుకు అద్దుకుని మళ్లీ నొక్కేది. అప్పుడు పలికేదాన్ని.

కంది పూతలో మారుకా పురుగు పడింది. పూలూ ఆకులూ కలిపి గూడు అల్లుకుని లోపల్లోపల తినేస్తుందది. మరీ దగ్గరైతే నా చూపు ఆనదు. ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే ఆమె జానెడు వెనక్కి జరిగి, రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి ఫోటో తీసింది. అది చూపించి కనిగిరిలో ఆ పురుగుకు కొట్టాల్సిన మందే తెచ్చుకుంది. నేను తీసిన ఫోటోలన్నిటిలో నాకు గర్వం ఆ ఒక్కదాని మీదే.

వానల్లేక వలసపోయిన కుటుంబాలు మా మండలంలో చాలా ఉన్నాయి. పొద్దుగూకాక ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరి నా తెర మీద బిడ్డల్ని చూసుకునేవాళ్లు. "తిన్నావా అబ్బయ్యా?" అన్నదే అందరి మొదటి మాట.

ఒకరోజు నా ఛార్జింగు తీగ తెగింది. వీధిలో ఫోన్లన్నీ సి-టైపు, నాది లైట్నింగ్. ఎవరి తీగా నాకు పట్టదు. కొడుక్కి చెబితే "ఈసారి వచ్చినప్పుడు తెస్తాలేమ్మా" అన్నాడు. పండగలు వచ్చిపోయాయి. నేను బీరువాలో పాసుపుస్తకం కింద పడి ఉన్నాను. ఆమె అప్పుడప్పుడు తీసి, కొంగుతో తుడిచి, పక్క మీట నొక్కి చూస్తుంది. వెలగను. మళ్లీ లోపల పెట్టేస్తుంది. చూసినవాళ్లు "పాడైపోయిందిలే" అంటున్నారు. ఆ మాటే నన్ను కోస్తోంది.

నేను పాడవలేదు. బ్యాటరీ నీరసపడితే మార్చుకోవచ్చు. మా తరానికి 2025లోనూ కొత్త సాఫ్ట్‌వేర్ అందింది. నిజంగా పనికిరాని రోజు వస్తే చెత్తకుప్పలో వేయకండి. నాలో బంగారం, రాగి, కోబాల్టు ఉన్నాయి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు మమ్మల్ని రీసైక్లింగు చేయించే బాధ్యతను తయారీదారుల మీదే పెట్టాయి.

పట్నాల్లో ఉన్న బిడ్డలూ, పాత ఫోను అమ్మకిస్తే సరిపోదు. తీగ, అడాప్టరు కలిపి ఇవ్వండి. పక్కన కూర్చుని వాడకం నేర్పండి. ఆగిపోయిందని ఆమె చెబితే పండగ దాకా ఆగకండి. మీకు అది పాత ఫోనే కావచ్చు, ఆమెకు మాత్రం మీ ముఖం కనిపించేది అందులోనే.