ముక్కు ఎవరి హద్దులో ఉంది?

అమెరికాలో ఏళ్ల తరబడి ఎండలో గోల్ఫ్ ఆడిన తెల్లతోలు పెద్దమనిషికి ముక్కు మీద చిన్న పొక్కు లేచి ఎంతకీ మానదు. ముక్క తీసి పరీక్షకు పంపితే బేసల్ సెల్ కార్సినోమా అని వస్తుంది. చర్మ క్యాన్సర్లలో సాధు రకం. ఒళ్లంతా పాకడం చాలా అరుదు, ఉన్నచోటే నింపాదిగా తవ్వుకుంటూ పోతుంది. రోగమేమిటో తేలింది. కత్తి ఎవరు పట్టాలన్నదే తేలదు.

చర్మం కాబట్టి నాదంటాడు చర్మవైద్యుడు. ముఖం కాబట్టి నాదంటాడు ప్లాస్టిక్ సర్జన్. ముక్కు మా బోర్డు మీదే రాసుంది కదా అంటాడు చెవి ముక్కు గొంతు డాక్టరు. కోత కాబట్టి నాది అనవలసిన జనరల్ సర్జన్ మాత్రం నోరు మెదపడు. విచిత్రమేమిటంటే, వీళ్లంతా కొట్టుకుంటున్న ‘మోజ్’ పద్ధతిని కనిపెట్టింది ఆయన తెగవాడే. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రెడరిక్ మోజ్ జింక్ క్లోరైడ్ ముద్ద పూసి, క్యాన్సర్‌ను ఒంటి మీదే గట్టిపరచి, పొర తర్వాత పొర కోసి, ప్రతి పొర అడుగునూ మైక్రోస్కోపు కింద చూసేవాడు. 1941లో ఆ సంగతి అచ్చువేశాడు. తోటి సర్జన్లు పెద్దగా పట్టించుకోలేదు. ఆ ముద్ద మంట కూడా అలాంటిదే. 1970లలో ముద్ద పోయి మత్తుసూది వచ్చింది, పొర తీసి అక్కడికక్కడే గడ్డకట్టించి చూడడం వచ్చింది. నొప్పి తగ్గింది, పని వేగం పెరిగింది. ఆ తర్వాత ఆసక్తి కూడా పెరిగింది, ఎందుకో నేను చెప్పక్కర్లేదు.

పద్ధతి మంచిదే, అందులో వెటకారమేమీ లేదు. మామూలుగా కోసి తీసిన ముక్కను ల్యాబులో నిలువు చీలికలు చేసి చూస్తారు. ఇడ్లీని నాలుగు చోట్ల కోసి చూసి, మొత్తం ఉడికిందని తీర్మానించడం లాంటిదది. అంచులో నూటికి ఒక వంతు కంటపడితే గొప్ప. మోజ్ పద్ధతిలో అంచంతా, అడుగంతా చూస్తారు. నెదర్లాండ్స్‌లో ముఖం మీది బేసల్ సెల్ క్యాన్సర్లను పదేళ్లు వెంటాడి లెక్క తీశారు. ఒకసారి తీశాక మళ్లీ మొలిచినవాటిని మామూలుగా కోస్తే 13.5 శాతం తిరిగొచ్చాయి, మోజ్‌తో 3.9 శాతమే. మొదటిసారి వచ్చినవాటిలోనూ మోజ్‌దే పైచేయి (12.2కు 4.4), కానీ ఆ తేడా గణాంక పరీక్షకు నిలవలేదు. అంటే ముక్కు మీద, కనురెప్ప దగ్గర, మొండికేసి తిరిగొచ్చినచోట మోజ్ దొరకడం అదృష్టం. వీపు మీది చిన్న మచ్చకు అంత ఆర్భాటం దేనికి?

ఎక్కడ తగునో ఎక్కడ తగదో తేల్చడానికి 2012లో అమెరికా చర్మవైద్యుల సంఘం, చర్మ శస్త్రచికిత్సల సంఘాలు కలిసి కూర్చున్నాయి. 270 సందర్భాలు పరిశీలించి, 200 సందర్భాల్లో మోజ్ తగినదేనని తేల్చాయి. 46 చోట్ల తగదన్నాయి, ఆ మాత్రం నిగ్రహానికి దండం పెట్టాలి. అసలు కోయాలా అన్న ప్రశ్నకు మాత్రం ఏ సంఘమూ పోటీ పడదు. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు చూస్తే, ఎక్కువకాలం బతకరని తెలిసిన వృద్ధులకూ మిగతావాళ్లలాగే కోతలు పెడుతున్నట్టు తేలింది.

సరే, మోజే కావాలనుకున్నాడు మన పెద్దమనిషి. ఎవరి దగ్గరికి వెళ్లాలి? అమెరికన్ కాలేజ్ ఆఫ్ మోజ్ సర్జరీ అని ఒకటుంది, అమెరికన్ సొసైటీ ఫర్ మోజ్ సర్జరీ అని ఇంకొకటుంది. మొదటిదానిలో చేరాలంటే ప్రత్యేకంగా ఫెలోషిప్ చేసుండాలి, రెండోదానికి ఆ పట్టింపు లేదు. గోడకు వేలాడే పటం చూసి ఈ తేడా పట్టుకోవడం రోగి బాధ్యత, అదీ ముక్కుకు పట్టీ వేసుకుని! ప్రత్యేక బోర్డు గుర్తింపు 2018లో మంజూరైంది, తొలి పరీక్ష 2021లో జరిగింది. అంతకు ముందు దాదాపు ఎనభై ఏళ్లపాటు కోసినవాళ్లంతా ఈ ప్రత్యేక బోర్డు పరీక్ష లేకుండానే కోశారు.

(మన ఒంటి రంగు పుణ్యమా అని తెలుగువాళ్లకు ఈ రోగం తక్కువ, అందుకే ఇంత తీరుబడిగా నవ్వుతున్నాం. మనకొచ్చే మరో చర్మ క్యాన్సర్ మెలనోమా తరచు అరికాల్లోనో గోరు కిందో దాక్కుంటుంది. అది వేరే జాతి, దానికి క్యాన్సర్ సర్జన్ దగ్గరికి పరుగెత్తాల్సిందే.)

ఇక అసలు కథ. మోజ్‌లో మొదటి పొరకు ఒక బిల్లు కోడ్, ఆపై తీసే ప్రతి పొరకూ మరో కోడ్. గుంత పూడ్చి కుట్లు వేయడం వేరే లెక్క. కోసేదీ సర్జనే, మైక్రోస్కోపులో చూసేదీ ఆయనే, ఇంకా మిగిలి ఉంది మళ్లీ కోయాలి అనేదీ ఆయనే. 2012 నుంచి 2014 వరకు వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ బిల్లులు తిరగేస్తే, ఒక్కో కేసుకు సగటున 1.74 పొరలు తీసినట్టు తేలింది. ఒక సర్జన్‌కు సగటు 1.09 అయితే మరొకరికి 4.11. ఒకే దేశం, ఒకే ఎండ, ఒకే క్యాన్సర్. కొందరి చేతుల్లో మాత్రం దాని వేళ్లు దాదాపు నాలుగింతలు లోతుకు దిగుతాయి!

అప్పుడు మోజ్ సర్జరీ కాలేజీ వారు ఒక మందు వేశారు. ప్రతి సభ్యుడికీ తోటివారితో పోలిస్తే ఆయన ఎక్కడున్నాడో చూపే నివేదిక పంపారు. శిక్ష లేదు, జరిమానా లేదు. హద్దు దాటినట్టు నివేదిక అందుకున్నవారిలో 83 శాతం మంది పొరలు తగ్గించేశారు. కాగితం ముక్కతో క్యాన్సర్ వేళ్లు పొట్టివైపోవడం వైద్య చరిత్రలో ఇదే మొదటిసారి కావచ్చు. ఆ నివేదికలన్నీ రహస్యం. సర్జన్‌కు తప్ప, ముక్కు అప్పగించినవాడికి చూపరు.