ఖాతా మార్పిడి సూత్రం: సవ్యాఖ్యానం

అవతారిక. జీతం పడి, అద్దెలూ బిల్లులూ చెల్లిపోయే నిత్యవ్యవహార ఖాతాను బ్రిటన్‌లో కరెంట్ ఖాతా అంటారు. దాన్ని తమ బ్యాంకుకు తరలించుకుని వచ్చినవారికి నూరు నుంచి రెండు వందల పౌండ్ల దాకా రొక్కం ఇవ్వడం అక్కడి బ్యాంకులలో చాలాకాలంగా సాగుతున్న ఆచారం. వస్తే డబ్బిస్తామని ఒక్క ముక్కలో చెప్పదగిన ఈ సంగతిని పుటల కొద్దీ షరతులుగా సాగదీసి, తామ్రశాసనం చెక్కిస్తున్నంత గాంభీర్యంతో ప్రకటించడం ఆ బ్యాంకులకు అలవాటు కనుక, శాసనానికి జరగవలసిన మర్యాద శాస్త్రోక్తంగానే జరగాలన్న ఉద్దేశంతో ఈ వ్యాఖ్య ఆరంభమవుతున్నది.

మూలం. ఇది ఏ ఒక్క బ్యాంకుదీ కాదు, పలు బ్యాంకుల షరతులలో ఉమ్మడిగా కనబడే అంశాలను కూర్చగా తేలిన పాఠం: "ఇదివరకు మా వద్ద ఖాతా లేనివారై, అన్యబ్యాంకునందలి ఖాతాను ఏడు పనిదినములలో సంపూర్ణముగా మాకు తరలించి, రెండు డైరెక్ట్ డెబిట్లను వెంట తెచ్చి, అరువది దినములలోపల 1,500 పౌండ్లు జమచేసినవారికి 175 పౌండ్లు చెల్లింపబడును, ఈ అవకాశమును ఏ క్షణముననైనను ఉపసంహరించు అధికారము మాకు కలదు."

ప్రతిపదార్థం సుగమం కనుక విడువబడింది.

వ్యాఖ్య. మీమాంసకులు వేదవాక్యాలను విధి, నిషేధం, అర్థవాదం మొదలైన తెగలుగా విభజించారు. చేయుమని చెప్పేది విధి, వద్దని చెప్పేది నిషేధం, చేసినవాడిని పొగిడి ఉత్సాహపరచేది అర్థవాదం. బ్యాంకు ప్రకటనలో సోఫా మీద కూర్చుని నవ్వే కుటుంబం అర్థవాదం. దాని అడుగున భూతద్దానికి కూడా లొంగని అక్షరాలలో ఉండేది విధి. "ఖాతా లేనివారై" అన్నది అధికార నిర్ణయం, అనగా ఈ క్రతువు చేయడానికి అర్హుడెవడో చెప్పే మాట. ఒకసారి ఈ ఫలం పుచ్చుకున్నవాడికి మళ్లీ అదే బ్యాంకులో సాధారణంగా అధికారం ఉండదు.

ఇక "1,500 పౌండ్లు జమచేసి" అన్నచోట పెద్ద చిక్కుంది. దేవతను ఉద్దేశించి ద్రవ్యాన్ని వదులుకోవడమే యాగమని లక్షణం. ఇక్కడ ద్రవ్యం పొద్దున ఖాతాలో పడి, మధ్యాహ్నానికి యజమాని మరో ఖాతాకు చేరుతున్నది; అలాంటప్పుడు త్యాగమెక్కడిదని పూర్వపక్షం. జమ కావాలన్నారే గాని నిలిచి ఉండాలనలేదు కనుక, లోపలికి వచ్చిన క్షణానే విధి నెరవేరినట్టని సిద్ధాంతం. నియమం కఠినమైన చోట అటూ ఇటూ తిప్పినవి లెక్కలోకి రావు గాని, అటువంటి చోట్లు తక్కువ. డైరెక్ట్ డెబిట్ అంటే బిల్లు సొమ్మును అవతలి సంస్థే నెలనెలా ఖాతా నుంచి తీసుకునే ఏర్పాటు. అవి లేనివారు ఏ ధర్మసంస్థకో నెలకు రెండేసి పౌండ్ల దానం పెట్టుకుని లెక్క పూరిస్తారు. ఈ క్రతువులో నికరమైన త్యాగం అదొక్కటే. కర్మ ముగిసిన చాలా రోజులకు గాని ఫలం రాకపోవడానికి మీమాంసకులు నడుమ అపూర్వమనే అదృశ్యశక్తిని ఒప్పుకున్నారు. 175 పౌండ్లకోసం నెలరోజులు ఆప్‌ను తెరిచి మూసినవారికి ఆ శక్తి ఉనికిని వేరే ప్రమాణాలతో రుజువు చేయనక్కరలేదు.

"ఏడు పనిదినములు". సర్ జాన్ వికర్స్ అధ్యక్షతన ఏర్పడిన బ్యాంకింగ్ సంఘం 2011లో చేసిన సిఫారసుతో, 2013 సెప్టెంబరులో ఖాతా మార్పిడి సేవ మొదలై ఈ గడువు స్థిరపడింది. పనిదినమంటే శని ఆదివారాలూ బ్యాంకు సెలవులూ కానిది. బ్యాంకు సెలవంటే 1871 నాటి చట్టాన్ని తలచుకోవాలి. ఆ చట్టాన్ని తలచుకుంటే దాన్ని పార్లమెంటులో నెగ్గించిన సర్ జాన్ లబక్‌ను తలచుకోక తప్పదు. ఈయన వంశపారంపర్యంగా బ్యాంకరు, డార్విన్‌కు పొరుగువాడు, పాతరాతియుగం కొత్తరాతియుగం అనే విభాగాన్ని 1865లో ప్రతిపాదించినవాడు. వాన్ అనే తన కుక్కకు అక్షరాల అట్టముక్కలు నేర్పగా, అది టీ కావలసినప్పుడు టీ అని రాసి ఉన్న అట్టను నోట కరచుకుని తెచ్చేదట. కందిరీగను మచ్చిక చేసుకున్నాడు. అన్నిటికన్న మిన్నగా చీమలను పెంచి, వాటి ఒంటిమీద రంగుచుక్కలు పెట్టి, ఏళ్ల తరబడి గమనించి, 1882లో చీమలూ తేనెటీగలూ కందిరీగల మీద గ్రంథం వెలువరించాడు. ఏడాదికి పైగా వేరుగా ఉంచిన చీమను కూడా దాని పుట్టవారు గుర్తుపట్టారని ఆయన తేల్చాడు. అంతటితో ఆగక, కొన్ని చీమలకు మత్తెక్కించి, చుట్టూ నీటి కందకం ఉన్న చోట పడవేస్తే, మత్తులేని చీమలు తమ పుట్ట చీమలను చాలావరకు మోసుకుని ఇంటికి చేర్చాయి; పరాయి పుట్టవాటిని నీళ్లలోకి విసిరేశాయి.

కొలిచెలమ మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిన పట్టినవాడు. మెదక్ సీమ నుంచి వచ్చిన ఆ మహావ్యాఖ్యాత ఈ చీమల దాకా వచ్చి ఉండేవాడు కాదు. అయినా చీమలు అక్కరకు వచ్చాయి. బ్యాంకరు కనిపెట్టిన ఆ న్యాయాన్ని బ్యాంకులు తలకిందులు చేశాయి: పరాయి పుట్టవాణ్ణి భుజాన మోసుకొస్తాయి, సొంత పుట్టవాణ్ణి కందకంలో వదిలేస్తాయి. ఇరవై ఏళ్లుగా జీతం ఒకే ఖాతాలో వేసుకుంటున్న రెడింగ్ పట్టణపు ఇంజనీరుకు వచ్చేది పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా కాదు, షరతులు మారాయన్న ఈమెయిలు. చాలా కరెంట్ ఖాతాలలో అతని నిల్వకు వడ్డీ సున్న. అదే ఖాతాలో నిల్వకు మించి వాడుకుంటే, అంటే ఓవర్‌డ్రాఫ్ట్‌లో పడితే, 2020 నుంచి పెద్ద బ్యాంకులు వేస్తున్న వడ్డీ ఏడాదికి దాదాపు 40 శాతం. కొత్తవాడికి పోసే సొమ్ము ఏ చెరువు నుంచి తోడుతున్నారో చెప్పడానికి టీక అక్కరలేదు.

ఖాతాదారులలో ఏటా బ్యాంకు మారేవారు 3 శాతమేనని 2016లో అక్కడి పోటీ నియంత్రణ సంస్థ తేల్చింది. కదలరన్న ధీమా లేకపోతే కదిలినవారికి ఇంత ముట్టజెప్పడం సాగదు. కదలలేనివారి మాట మరీ దారుణం. గంటల లెక్కన కూలి దొరికి, నెలకు వెయ్యి కూడా చేరనివాడికి 1,500 అన్న గీత గోడే. తరగతులు మొదలైనా చిరునామా రుజువు లేక తొలి ఖాతాకే వారాల తరబడి తిరిగే విద్యార్థికి, వదలి రావడానికి పాత ఖాతా అన్నదే లేదు. అధికారం లేనివారి జాబితా అంతా డబ్బు అవసరమున్నవారి జాబితాయే. ఇంత చేసి దీనికి స్వాగత కానుక అని పేరు పెట్టడం, ఆ పేరు మీద ఉపసంహరణాధికారం నిలుపుకోవడం, దాత పోజు పెట్టడం! లంచమని పేరు పెట్టుకుని ఇస్తే పుచ్చుకునేవారికి కనీసం మనశ్శాంతి దక్కేది.

తాత్పర్యం. పుచ్చుకోవచ్చు. దోషం లేదు. అయితే దరఖాస్తు చేస్తే సాధారణంగా కొత్త బ్యాంకు రుణచరిత్రను తిరగేసి, తిరగేసిన గుర్తును అందులో వదులుతుంది కనుక, ఇల్లు కొనడానికి అప్పు తీసుకోబోయేవారు అది చేతికొచ్చేదాకా ఆగాలి. మార్పిడి పూర్తికాగానే పాత ఖాతా మూతపడి, ఆన్‌లైన్‌లో దాని లెక్కలు చూసే వీలు పోవచ్చు కనుక, భార్యకో భర్తకో వీసా కోసం ఆరు నెలల స్టేట్‌మెంట్లు చూపవలసినవారు వాటిని ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఈ మాట మూలంలో లేదు. అక్కర మాత్రం ఉంది.